రోలెత్తడానికి పన్నెండు వారాలు

సామర్లకోట స్టేషను రోడ్డులో వరహాలమ్మ ఇడ్లీ కొట్టు ఉంది. ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు నూకరాజు, చిన్నవాడు అబ్బులు. తమకున్నంత తెలివి ఆ రోడ్డు మొత్తం మీద ఇంకెవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎందుకంటే ఏ పనైనా వాళ్ళు మూడు వాటాలు వేసి పంచుకుంటారు. సినిమాకి వెళ్తే టిక్కెట్టు ఒక్కటే కొంటారు. మొదట గవర్రాజు చూస్తాడు, మధ్యలో నూకరాజు చూస్తాడు, చివర అబ్బులు చూస్తాడు. ఇంటికొచ్చి కథ కలుపుకుంటారు.

"చివర్లో అందరూ ఏడుస్తున్నారన్నయ్యా," అంటాడు అబ్బులు.

"నా వాటాలో అందరూ నవ్వుతూనే ఉన్నార్రా. మధ్యలో నూకరాజు ఏం చేశాడో!" అంటాడు గవర్రాజు.

"ముగ్గురికీ కలిపి ఒక్క బుర్రే ఖర్చవుతోంది. రెండు మిగులు," అంటాడు నూకరాజు. ఇంట్లో లెక్కలన్నీ అతనివే. చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉంటుంది.

ఇలా ఉండగా కొట్టు ఇంటాయన వచ్చాడు.

"వరహాలమ్మగారూ, ఇది పడగొట్టి కొత్తగా కట్టుకుంటున్నానండి. పన్నెండు వారాలు గడువు. పన్నెండో శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ప్రొక్లైనర్ వస్తుంది."

రోడ్డుకి అవతలే వేరే కొట్టు దొరికింది. బల్లలు, గిన్నెలు, పొయ్యి, అన్నీ మారిపోతాయి. చిక్కల్లా రోలుతోనే. నల్లరాతి రుబ్బురోలు, పొత్రం తీసేసినా తొంభై కిలోలు. ఆ రోట్లో రుబ్బిన పిండి కాబట్టే వరహాలమ్మ ఇడ్లీకి రైలు దిగి మరీ వస్తారు జనం. దీనికి ముందున్న రోలుని కూలివాళ్ళు దింపుతూ రెండు ముక్కలు చేశారు.

"దీని మీద పరాయి చెయ్యి పడటానికి వీల్లేదు. ముగ్గురు కొడుకుల్ని కన్నాను. మీరే ఎత్తాలి," అంది వరహాలమ్మ.

ముగ్గురూ మూడు వైపులా పట్టుకుని ఒక్క ఊపు ఊపారు. రోలు కదల్లేదు. గవర్రాజు లుంగీ కదిలింది.

అంతే, బలం తెచ్చుకోవాలని తీర్మానించుకున్నారు. మంగలి షాపు గోడ మీద ఎవరో వస్తాదు బొమ్మ, దాని కింద అతను రోజూ చేసే కసరత్తుల పట్టీ ఉంది. మొత్తం ఇరవై రెండు రకాలు. నూకరాజు చూసి రాసుకొచ్చాడు. గవర్రాజు ఒక్కరోజులో ఇరవై రెండూ చేశాడు. ఇంకేముంది, మర్నాటి నుంచి నాలుగు రోజులు అతనికి వరహాలమ్మే అన్నం తినిపించింది, తల దువ్వింది. ఈగ వాలితే తోలడానికి అబ్బులుని పక్కన కూర్చోబెట్టింది.

ఐదో రోజు ముగ్గురూ వ్యాయామశాల పైడిరాజు మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన పట్టీ చూసి పక్కన పడేశాడు.

"ఇది పదేళ్ళ నుంచి చేస్తున్నవాడిదయ్యా. కొత్తవాళ్ళకి మూడు చాలు. గుంజీలు, దండీలు, నేల మీంచి ఇసుక బస్తా ఎత్తి దించడం. సోమ, బుధ, శుక్రవారాలు చెయ్యండి. రోజుకి మూడు విడతలు. పన్నెండు కిలోల బస్తాతో మొదలెట్టి, వారానికి రెండేసి కిలోలు పెంచండి. అంతకు మించి పెంచారో, నడుం పట్టేస్తుంది. మనిషికి రోజూ రెండు గుడ్లు, గుప్పెడు శనగలు. రాత్రి ఎనిమిది గంటలు నిద్ర."

నూకరాజు మొహం ముడుచుకున్నాడు. "గోడ మీదైతే ఇరవై రెండున్నాయండి. మీరు మూడే ఇస్తున్నారు."

"మూడూ సరిగ్గా చెయ్యి. అప్పుడు మాట్లాడదాం," అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చి వాటాలు వేసుకున్నారు. పని మూడు రకాలు: ఎత్తడం, తినడం, పడుకోవడం. మనుషులూ ముగ్గురే.

"అన్నయ్యా, నువ్వు ఎత్తు. మనిషికి రెండు గుడ్లంటే మొత్తం ఆరు, నేను తింటాను. మనిషికి ఎనిమిది గంటల నిద్రంటే మొత్తం ఇరవై నాలుగు. అబ్బులూ, నువ్వింక లేవక్కర్లేదు," అన్నాడు నూకరాజు.

గడువులో రెండు వారాలు గడిచాయి. గవర్రాజు చీపురు పుల్లలా తయారయ్యాడు. నూకరాజుకి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. అబ్బులుని రిక్షాలో వేసుకుని మాస్టారి దగ్గరికి తెచ్చారు.

"ఇవాళ ఏ వారమండీ?" అన్నాడు అబ్బులు కళ్ళు తెరిచి.

సంగతి విని మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఎవరి తిండి వాళ్ళే తినాలి. ఎవరి నిద్ర వాళ్ళే పోవాలి. ఎవరి బస్తా వాళ్ళే ఎత్తాలి."

"అంటే మూడు రెట్ల పనండీ?" అన్నాడు నూకరాజు.

"అవును."

"మరి తెలివెందుకండీ, మాస్టారూ?"

మాస్టారు మూడు బస్తాలు తెచ్చి ముందు పడేశాడు. ముగ్గుర్నీ తన కళ్ళముందే బస్తాలు పట్టుకోమన్నాడు. "ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. దించేటప్పుడు పీల్చాలి," అన్నాడు. అంతలో ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్ళాడు. గవర్రాజు ఊపిరి వదులుతూ ఎత్తాడు. దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి దించలేదు. దించలేదు కాబట్టి పీల్చలేదు. మాస్టారు తిరిగొచ్చేసరికి మనిషి నేరేడుపండు రంగులో ఉన్నాడు. మొహాన నీళ్ళు కొట్టి బస్తా దింపించాక, అప్పుడు పీల్చాడు.

హడావిడిలో బస్తాలు గుమ్మంలోనే వదిలేశారు. మాస్టారి కాలి బొటనవేలు వాటికే తగిలింది. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ, "ఏ బరువైనా సరే, ఎక్కణ్ణుంచి తీశారో మళ్ళీ అక్కడే పెట్టాలి! వ్యాయామానికి మొదటి నియమం అదే!" అని అరిచాడు.

"మీ మీద ఒట్టండి, తప్పం," అన్నారు ముగ్గురూ.

"ఇంకోటి. మధ్య రోజుల్లో విశ్రాంతి. ఆ రోజుల్లో బరువు జోలికి వెళ్ళకండి."

మర్నాడు మంగళవారం. కొట్లో జనం కిటకిటలాడుతున్నారు. ముగ్గురూ చేతులు వేలాడేసుకుని నిలబడ్డారు.

"ఏవయ్యా, చట్నీ!" అన్నాడో పెద్దాయన.

"గిన్నె కిలోన్నర ఉంటుందండి. రేపు బుధవారం, రేపు రండి," అన్నాడు నూకరాజు.

వరహాలమ్మ అట్లకాడ పుచ్చుకుని వచ్చింది. ముగ్గురూ దెబ్బలు తిన్నారు గానీ, అడ్డం పెట్టుకోవడానికైనా ఒక్కడూ చెయ్యెత్తలేదు. చెయ్యి కూడా బరువే కదా.

అయితే ఒక్కమాట చెప్పుకోవాలి. మిగిలిన పది వారాలూ వాళ్ళు ఒక్క విడత కూడా మానలేదు. పన్నెండు కిలోల బస్తా పద్నాలుగైంది, పదహారైంది. పదో వారానికి సరిగ్గా ముప్ఫై అయింది. ముగ్గురికి మూడు ముప్ఫైలు, తొంభై. నూకరాజు లెక్క మొట్టమొదటిసారి కుదిరింది. ముగ్గురికీ కండలు తిరిగాయి. వరహాలమ్మ చాటుగా దిష్టి కూడా తీసింది.

ఆఖరి శుక్రవారం సాయంత్రం. పొద్దున్నే ప్రొక్లైనర్ వస్తుంది. సామానంతా అవతలికి చేరిపోయింది, పొత్రంతో సహా. కొత్త కొట్లో నానబెట్టిన మినప్పప్పుతో వరహాలమ్మ ఎదురుచూస్తోంది. ముగ్గురూ మూడు వైపులా పట్టారు. ఊపిరి వదిలారు. రోలు లేచింది! రోడ్డు మీద లారీ ఆగింది, జనం చప్పట్లు కొట్టారు. కొత్త కొట్లో రోలు దిగింది. వరహాలమ్మకి కళ్ళ నీళ్ళాగలేదు. బొట్టు పెడదామని పసుపు కుంకుమ కోసం లోపలికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి రోలు లేదు.

రోడ్డవతల, పాత కొట్లో, కొడుకులు దాన్ని జాగ్రత్తగా పాత గుంటలోనే దింపుతున్నారు.

"ఒక విడత అయిందమ్మా!" అని కేకేశాడు గవర్రాజు.

వరహాలమ్మ పసుపు కుంకుమ పక్కన పెట్టేసి పప్పు గిన్నె అందుకుంది. రెండో విడతలో రోలు ఇవతలికి రాగానే, మళ్ళీ తీసుకుపోకుండా గబగబా పప్పు పోసేసింది. నూకరాజు పెన్సిలు తీశాడు. "నాలుగు కిలోలు పెరిగింది. మనిషికి కిలో చిల్లర. రెండు లోపే, ఫరవాలేదు." పప్పుతో సహా రోలు అవతలికి వెళ్ళిపోయింది.

మూడో విడతలో వరహాలమ్మ రోలుని రెండు చేతులా కావలించుకుంది.

"కాస్త జరగమ్మా, మాస్టారికి ఒట్టేశాం," అని అబ్బులు మెల్లిగా చేతులు విడదీశాడు. ఇంకేముంది, మూడో విడతా పూర్తయింది. రోలు పాత గుంటలో, పప్పు రోట్లో.

వరహాలమ్మ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, మళ్ళీ ఎత్తండ్రా! ఎత్తి అక్కడే వదిలెయ్యండి!"

"మూడు విడతలూ అయిపోయాయి కదమ్మా," అన్నాడు గవర్రాజు చెమట తుడుచుకుంటూ.

"పొద్దున్నే మిషనొస్తుందిరా!"

"రేపు విశ్రాంతమ్మా. ఆదివారం కూడా. మళ్ళీ సోమవారమే."

వరహాలమ్మ కొంగు బిగించింది. దాని మీద కూర్చోకూడదని పిల్లల్ని పాతికేళ్ళుగా కసురుతున్న ఆ రోలు మీదే పప్పుతో సహా చతికిలబడింది.

"నేనిక్కణ్ణుంచి లేవను. ఎత్తితే నాతో సహా ఎత్తండి. లేకపోతే రేపు ఆ మిషను నా మీంచే పోనియ్యండి!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అమ్మ మాట కాదనలేరు. నూకరాజు పెన్సిలు తీసి, గోడ మీదే లెక్క వేశాడు.

"అమ్మ అరవై కిలోలు. మనిషికి ఇరవై. వారానికి రెండు చొప్పున పెంచుకుంటూ వెళ్తే..." రెండుసార్లు సరిచూసుకున్నాడు. "పది వారాలు. ఎత్తేస్తామమ్మా!"

"మిషనాయన్ని పది వారాలు ఆగమని నేను చెప్పొస్తాను," అని అబ్బులు బయల్దేరాడు.

గవర్రాజు తల్లి పక్కన కూర్చుని ఆప్యాయంగా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కటేనమ్మా. ఈ పది వారాలూ ఇడ్లీ కాస్త తగ్గించు. నువ్వు లావెక్కితే మాకు లెక్క తప్పుతుంది."