నొప్పి తెలియని కాలు

పెద్దవంక పక్కన జొన్న కోసిన చేలో గొర్రెల మంద దిగి ఉంది. మంద పడుకున్న చేనికి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకే రైతులు పిలుస్తూనే ఉంటారు, మంద ఒక చేను నుంచి ఇంకో చేనికి కదులుతూనే ఉంటుంది. నడవగలిగింది మందతో పోతుంది, నడవలేనిది ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు. కావలికుక్క కరియడికి మాత్రం బాగా తెలుసు. వాడి తల్లి అలాగే ఏదో చేలో ఆగిపోయింది.

ఇప్పుడు తన వంతు వచ్చేలా ఉందని వాడి దిగులు. తోడేలును తరుముతూ బండ మీంచి జారి వెనకకాలు విరగ్గొట్టుకున్నాడు. తల్లిలేని బొల్లి గొర్రెపిల్ల ఒకటి రోజూ వాడి పొట్టకు ఆనుకుని పడుకునేది. అది కదిలినా కాలు భగ్గుమంటోంది.

"పుల్లన్నా, మంద కదిలేదెప్పుడంట?" అని పక్కనే నెమరేస్తున్న బండి ఎద్దును అడిగాడు.

"రేపు పొద్దున్నే."

"మరి నేనో?"

పుల్లన్న నెమరు ఆపాడు. "ఏదవ్వకు కబురంపాను. చూద్దాం."

ఏదవ్వ అంటే వంకగట్టు బొరియలో ఉండే ముసలి ముళ్లపంది. రాలిన తన ముళ్లలో సన్నటివి ఏరి, రాతి మీద నూరి, వాటితో వైద్యం చేస్తుంది. పగటి నిద్ర చెడిందని గొణుక్కుంటూ వచ్చింది.

"కదలకు. కదిలావంటే చెవికి గుచ్చుతా."

"చెవికేమైందవ్వా?"

"ఏమీ కాలేదు. నా కోపం తీరుతుంది."

నడుం దగ్గర ఒకటి, మోకాలి పక్కన ఒకటి, వేళ్ల సందున ఒకటి. గుచ్చి, మెల్లగా తిప్పుతూ కూర్చుంది. పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగినట్టు కాలిలో మంట తగ్గుతూ వచ్చి ఆరిపోయింది.

"అవ్వా, మానిపోయింది!"

"నీ మొహం మానింది. నొప్పిని జోకొట్టాను, అంతే. ఎముక అతకాలంటే దాని రోజులు దానికి కావాలి. నేను చెప్పేదాకా కాలు నేల మోపకు."

"రేపు మంద పోతోందే!"

"బండి మీద చోటుంది" అన్నాడు పుల్లన్న. "మంద చుట్టూ కట్టే దడులు దానికే ఎక్కిస్తారు, వాటి పైన పడుకో. కాపరి నిన్ను ఎక్కించేదాకా నేను అడుగు వెయ్యను. మొండికెయ్యడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు."

ఏదవ్వ ముళ్లు తీసుకుని వెళ్లిపోయింది. కరియడికి మాత్రం ఆ బండి మాట మింగుడుపడలేదు. కాపలా కాసేవాడు సామానులా పోవడమా?

పొద్దు వాలుతుండగా దడి అవతల నక్క కూర్చుని ఉంది.

"ఏం అల్లుడూ! రేపు బండెక్కి పెళ్లికొడుకులా పోతున్నావట!"

"పోరా ఇక్కణ్ణుంచి."

"పోతాలే. బండెక్కిన కుక్కకు కూడు ఎన్నాళ్లు పెడతారో అని జాలేసి వచ్చా. కాలు నొప్పిగా ఉందా?"

"లేదు."

"నొప్పి లేకపోతే ఇంక రోగమెక్కడిది? నువ్వు పడుకుంటేనే కదా ముసల్దానికి పెద్దరికం! కాపరి అదుగో, ఇటే చూస్తున్నాడు. నన్నో చుట్టు తరుము. రేపు బండి ముందు నువ్వే నడుస్తావు."

"నక్క వినయాలు నమ్మకురా" అన్నాడు పుల్లన్న. "ఆత్రగాడికి బుద్ధి మట్టు."

కరియడు లేచాడు. కాలు మోపాడు. ఏమీ కాలేదు. ఆ సంతోషంలో పుల్లన్న అరుపు కూడా వినపడలేదు. ఒక్క గెంతున దడి దాటాడు. నక్క అందీ అందనట్టు ముందు పరిగెత్తింది. చేను దాటింది, బీడు దాటింది, వంక మీదుగా దూకింది. వెనకాలే కరియడూ దూకి, అవతలి గట్టు అందక వంకలో పడ్డాడు.

టప్పుమని చప్పుడైంది. ఎండుకొమ్మ విరిగిందనుకుని చుట్టూ చూశాడు. దగ్గర్లో చెట్టే లేదు. లేవబోతే కాలు వెంట రాలేదు. వంగి చూసుకుంటే తోలు చీల్చుకుని ఎముక తెల్లగా కనబడింది. అప్పటికీ నొప్పి తెలియలేదు.

నక్క ఇక పరిగెత్తలేదు. తీరిగ్గా వెనక్కి నడిచింది. "ఉంటా అల్లుడూ. కావలి లేని మందను ఓసారి పలకరించి వస్తా."

కరియడు గొంతు చిరిగేలా మొరిగాడు. వంకలోంచి, ఎదురుగాలికి, ఆ మొరుగు మంద దాకా పోలేదు. అవతలనుంచి బొల్లిపిల్ల ఒక్కసారి అరిచింది. ఆ తరువాత అరవలేదు.

పొద్దున కాపరి వెతుక్కుంటూ వచ్చి కాలు చూశాడు. వాడి తల నిమిరి, తువ్వాలుతో మొహం తుడుచుకుని వెనుదిరిగాడు. అక్కడ చేలో బండికి కట్టిన పుల్లన్న కాళ్లు పాతేసినట్టు నిలబడ్డాడు. కర్రతో కొట్టారు, కదల్లేదు. తోక మెలిపెట్టారు, అప్పుడు కదిలాడు.

ఏదవ్వ వంకలోకి దిగింది. ఈసారి తిట్టలేదు. "మళ్లీ మంట మొదలైనట్టుంది. గుచ్చనా నాయనా? ఏమీ తెలియకుండా ఉంటుంది."

"వద్దవ్వా" అన్నాడు కరియడు. "నిన్న ఈ మంట ఉండుంటే నేను లేచేవాణ్ణా? ఆ పిల్ల పొయ్యేదా?"

అవ్వ ముళ్లు ఒంటికి అణుచుకుని వాడి పక్కన కూర్చుంది. మంద గంటలు దూరమై, ఇంకా దూరమై, వినపడకుండా పోయేదాకా ఇద్దరూ అటే చూస్తూ ఉన్నారు.

నొప్పి ఒంటికి కావలికుక్క. అది మొరగడం మానినంత మాత్రాన దొంగ పోయాడనుకోకు.