వావిలికోన వేడినీళ్ల అమ్మ

వావిలికోనలో అమ్మవారికి గోపురం లేదు, గంట లేదు, అగరువత్తి అసలే లేదు. నిలువెత్తు బండ కింద గుబురుగా పెరిగిన వావిలి పొద, దాని మొదట్లో పీటంత నల్లరాయి, అంతే. ఎండలకు కోనంతా మాడిపోయినా ఆ పొద మాత్రం నీలిపూల గుత్తులతో విరగబూస్తుంది. తేనెటీగల రొద దారి మలుపు దగ్గరికే వినిపిస్తుంది. భక్తులు కోన బయటే నీళ్లు కాచుకుని, కుండ నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడకతో పైకి వస్తారు. కొత్తవాళ్లు చూసి నవ్వుకుంటారు. కథ విన్నాక నవ్వరు.

పూర్వం ఇక్కడ బయ్యన్న అనేవాడు తేనెపట్లు కొట్టి బతికేవాడు. భార్య సుంకికి నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే అతను తేనెకు బయలుదేరాడు. బాలింతకు పెట్టే కాయం మందులో కొత్త తేనే కలపాలని అతని పట్టుదల. వావిలి పూలను నమ్ముకుని ఈగలు ఈ బండకే పెద్ద పట్టు పెట్టాయి. ఎప్పుడూ నాలుగు పచ్చికొమ్మలు విరిచి, పొగ పెట్టి వాటిని తోలేవాడు. ఆ రోజు మనసంతా ఇంటి దగ్గరే ఉంది. కొమ్మలు విరిచే ఓపిక లేక, ఎండుటాకులు పోగేసి ఏకంగా పొదకే నిప్పు పెట్టాడు. ఈగలు మాడి రాలాయి. పొద మొదలంటా కాలింది. ముంతెడు తేనె దొరికిన సంబరంలో ఆ మహానుభావుడు వెనక్కి తిరిగైనా చూడలేదు.

ఇల్లు చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. కానీ సుంకి గజగజ వణుకుతోంది, పళ్లు కరుచుకుపోయాయి. మంత్రసాని ఓబులమ్మ అప్పటికే పొయ్యి మీద నీళ్ల కాగు ఎక్కించింది.

"రేయ్ బయ్యన్నా, తేనె సంగతి తర్వాత. బండకాడ వావిలాకు దుంచుకొని ఉరుక్కుంటా రా. ఆకేసి నీళ్లు పోస్తే వణుకు తగ్గుతాది. నీళ్లు సల్లారేలోపల రావాల."

బయ్యన్న తేనె ముంత కింద పెట్టాడు. "ఆ చెట్టును పొద్దున నేనే కాల్చినానవ్వా," అన్నాడు.

ఓబులమ్మ అతన్ని వాకిలి వైపు తోసింది. "ఇంగో కోనలో యాడన్నా ఉంటాది. నిలబడతావేంరా, పో!"

రెండు కోనలు దాటి, ముళ్లకు ఒళ్లంతా గీరుకుపోతున్నా ఆగకుండా అతను ఆకు తెచ్చాడు. ఈలోగా ఓబులమ్మ రెండుసార్లు మంట ఎగదోసింది. మూడోసారి ఎగదోయవలసిన పని లేకపోయింది. బయ్యన్న వాకిట్లో అడుగుపెట్టేసరికి కాగులో నీళ్లు చల్లారిపోయాయి. సుంకి ఒళ్లూ చల్లబడింది.

పసిబిడ్డకు ఇరుగుపొరుగు తల్లులు పాలిచ్చారు. బయ్యన్న తేనె ముంత తీసుకెళ్లి కాలిన మొదట్లో ఒంపేసి వచ్చాడు. కొన్నాళ్లకు ఒక కల వచ్చింది. మాడిన మొద్దు పక్కన ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని, అటు తిరిగి కూర్చుని వణుకుతోంది. "చలేస్తాంది. నీళ్లు పోయవా?" అంది. ఆమె అమ్మవారేనని పెద్దలు చెబుతారు. బయ్యన్న మాత్రం ఆ వీపును గుర్తుపట్టాడు.

తెల్లవారగానే, సుంకిని కూర్చోబెట్టి స్నానం చేయించాలనుకున్న నల్లరాతిని భుజాన మోసుకొచ్చి ఇక్కడ దించాడు. రోజూ దానికి గోరువెచ్చని నీళ్లు పోశాడు. వానలకు మొద్దు చిగురు వేసింది. మరుసటి ఏడు పూసింది. ఈగలు తిరిగి వచ్చాయి. సుంకి రాలేదు. ఏ ఇంట పురుడన్నా బయ్యన్న ఆకు తీసుకుని ముందే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడేవాడు. అలా ఎందరు బాలింతలు లేచి తిరిగినా అతని దుఃఖం తీరలేదు. చచ్చేదాకా ఆ రాతికి నీళ్లు మోశాడు.

ఇప్పటికీ అమ్మ సేవ ఆ ఆడపిల్ల వంశపు ఆడవాళ్లదే. కోనలో కర్పూరమైనా వెలిగించనివ్వరు. తెచ్చిన నీళ్లను పూజారమ్మ చేతి వెనుకభాగంతో తాకి చూస్తుంది. చల్లారితే ఎంతటివారినైనా వెనక్కి పంపుతుంది. ప్రసాదం గుప్పెడు వావిలాకు. పురుటికి ముందే ఆ ఆకు చేరిన ఇంట తల్లీబిడ్డా చల్లగా ఉంటారని నమ్మకం.

నీళ్లు పోయడం అయ్యాక పూజారమ్మ రాతిని పొడిగుడ్డతో ఒత్తి, దుప్పటి కప్పుతుంది. "ఇంక చలెయ్యదులే అమ్మా," అంటుంది. మర్నాడు పొద్దున కోన బయట మళ్లీ పొయ్యి రాజేస్తారు.