తుడవని కత్తి

అనగనగనగా, గోదారి పాయల మధ్య ఒక లంక ఊరు. పడవ దిగితేగానీ ఆ ఊళ్ళో కాలు పెట్టలేం. ఆ ఊళ్ళో అందరికీ క్షవరం చేసే గవర్రాజు అని ఒక తాత ఉండేవాడు. దగ్గరికి జరుగు బంగారూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

గవర్రాజు దగ్గర మూడు కత్తులు ఉండేవి. యుద్ధం కత్తులు కావే, గడ్డం గీసే మడత కత్తులు. వాళ్ళ తాత నాటివి. మూడింటికీ మూడు పేర్లు. చంటిపిల్లల పుట్టువెంట్రుకలు తీసేది బుల్లోడు. పెళ్ళికొడుకులకి గీసేది షోకులోడు. రోజూ ఊళ్ళోవాళ్ళకి గీసేది పెద్దోడు.

పని అవగానే గవర్రాజు ముగ్గురినీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తోలుపట్టీ మీద అటూ ఇటూ ఆడించి, చుక్క కొబ్బరినూనె రాసేవాడు. అది అయ్యాకే అన్నం. ఇంట్లోంచి ఎన్ని కేకలేసినా ఉలకడు, పలకడు.

ఒకరోజు పొద్దున్న కొడుకు అప్పన్నని కూర్చోబెట్టి, పెద్దోడితో గడ్డం గీశాడు. గీసి, కత్తి అరుగు మీద పెట్టి, "ఆయాసంగా ఉందిరా, కాసేపు నడుం వాలుస్తా" అన్నాడు. అలా పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

దినాలన్నీ అయ్యాక అప్పన్న ఆ కత్తిని చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద నురగ ఎండిపోయి ఉంది. నాన్న చేతి నురగ. దాన్ని తుడిస్తే నాన్ననే తుడిచేసినట్టు అనిపించింది ఆ పిచ్చివాడికి. తుడవలేదు. మూడు కత్తుల్నీ నాన్న చెమట తువ్వాల్లో చుట్టి, తోలు పొదిలో పెట్టి, అటక ఎక్కించాడు.

ఆ తర్వాత సంతలో కొన్న కొత్త కత్తితో పని చేసుకున్నాడు. దసరా వస్తే మాత్రం పొది దించేవాడు. విప్పేవాడు కాదు. పైనుంచే పసుపునీళ్ళు చిలకరించి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ అటక ఎక్కించేవాడు. అలా ఒక దసరా, రెండు దసరాలు, మూడు దసరాలు.

అప్పుడు అప్పన్నకి ఆడపిల్ల పుట్టింది. దానికి పదకొండో నెల వచ్చేసరికి భార్య సూరీడమ్మ అంది, "పుట్టువెంట్రుకలు మావయ్య కత్తితోనే తియ్యాలి. తాతని ఎలాగూ చూడలేదు, తాత కత్తయినా తగలాలి గదా!" ముహూర్తం ఇంకా మూడు రోజులుంది.

అప్పన్న పొది విప్పాడు. బుల్లోడి మీద తుప్పు చుక్కలు. షోకులోడికి ఒళ్ళంతా తుప్పు. పెద్దోడయితే మడతే విచ్చుకోనంది. బలవంతాన విప్పితే, నురగ ఉన్నచోట తుప్పు ఇనుముని తినేసి నల్లటి గుంట పడి ఉంది. ప్రాణంలా దాచుకున్న కత్తుల్ని చేతులారా పాడుచేసుకున్నాడు పాపం. కూలబడి ఏడ్చాడు.

ఏడుపు విని పక్కింట్లోంచి మేనత్త నూకాలమ్మ వచ్చింది. ఆవిడ గవర్రాజుకి అక్క. ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన మనిషి. నోరు మాత్రం అబ్బో!

"ఎందుకు తుడవలేదురా సన్నాసీ?"

"నాన్న ఆఖరి నురగ అత్తా. చెయ్యి రాలేదు."

నూకాలమ్మ ఇంకా ఏదో అనబోయి ఆగింది. పక్కన కూర్చుంది. "గీశాక తుడవకుండా మా తమ్ముడు ఏనాడైనా లేచాడా? ఆ ఒక్కరోజే పని సగంలో వదిలాడు. మిగతా సగం నీదిరా నాయనా. ఇన్నేళ్ళుగా అలాగే ఉండిపోయింది."

అప్పన్న లేచాడు. తడిగుడ్డ తెచ్చి, పెద్దోడి మీద నురగంతా తుడిచాడు.

మొదటి రోజు మూడు కత్తుల్నీ నూనెలో నానబెట్టాడు. రెండో రోజు మెత్తటి బూడిద అద్ది, గుడ్డతో రుద్దాడు. "మెల్లగా రా, అంచు పోతుంది" అంటూ అత్త పక్కనే కూర్చుంది. మూడో రోజు రాయి మీద నీళ్ళు చల్లి నూరాడు. పెద్దోడి గుంట పోలేదు. షోకులోడు చిక్కిపోయాడు. బుల్లోడు మాత్రం చేతి మీద వెంట్రుకకి ఆనగానే తెగ్గోశాడు.

ముహూర్తం వేళకి పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చుంది. అప్పన్న కత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క గాటు పడితే? కన్నకూతురు, కందిపోయే తల! నీళ్ళు అద్ది, బుల్లోడిని మెల్లగా ఆనించాడు. పిల్ల ఏడవలేదు సరికదా, చక్కిలిగింతలు పెట్టినట్టు కిలకిలా నవ్వింది. చూస్తుండగానే గుండు నున్నగా కొబ్బరిబోండాంలా తేలింది. ఒక్క గాటు పడితే ఒట్టు!

అందరూ భోజనాలకి లేచారు. అప్పన్న లేవలేదు. కత్తికి పిల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి, మెత్తగా, తడితడిగా. ఇలాగే చుట్టి దాచేసుకుంటే? పిల్ల పెద్దదైపోతుంది, ఈ వెంట్రుకలు మళ్ళీ రావు గదా! మళ్ళీ అదే ఆశ. సూరీడమ్మ చూసింది. నూకాలమ్మా చూసింది.

అప్పుడు అప్పన్న పొడిగుడ్డ తీసుకుని కత్తి తుడిచాడు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత పిల్లని ఎత్తుకుని, ఆ గుండు మీద గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు.

కత్తి పొదికి, కునుకు కంటికి,
కథ కంచికి, ఇక నువ్వు నా పక్కకి.