దాలిలో కుండ, అటక మీద గవరయ్య

రండర్రా, దుప్పట్లు తర్వాత లాక్కుందురు గాని. సాకేతూ, చెల్లి మీద కాలెయ్యకు. హారికా, నువ్వు ఊ కొట్టాలి సుమా. నీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది.

అనగనగనగా, కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో గవరయ్య అని ఒక గాజులాయన ఉండేవాడు. గాజులు గుచ్చిన తాళ్ళన్నీ కలిపి భుజాన వేసుకుంటారే, దాన్ని మలారం అంటారు. ఆ మలారం వేసుకుని పొద్దున్నే బయల్దేరి ఊరూరా తిరిగేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ పట్టుకుని గాజులు తొడిగేవాడు గదా, తన పెళ్ళాంతో మాత్రం ఎవరైనా రెండు మాటలు నవ్వుతూ మాట్లాడితే ఒళ్ళు మండిపోయేది. విడ్డూరం కాదూ? విడ్డూరమే మరి.

పెళ్ళాం పేరు నాంచారి. కొత్తగా కాపురానికొచ్చింది. పొద్దున్నే ఇంటికి తాళం వేసి మిరప కోతకి పోయేది, పొద్దుగూకే వేళకి ఇల్లు చేరేది. పక్కింటి సూరమ్మదీ అదే కోత. ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు, కలిసే వచ్చేవాళ్ళు.

ఇంటికొచ్చాక చూడాలి. సూరమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, గొట్టంతో ఊది ఊది, కళ్ళెర్రగా చేసుకుని, ఎప్పటికో ఇంత వండేది. ఈలోగా మొగుడు అరుగు మీంచి సణిగేవాడు, పక్కింట్లో తినడాలు కూడా అయిపోయాయి, మన యింట్లో ఇంకా ఎసరు కూడా పడలేదని. నిజంగానే నాంచారి ఇంట్లో అప్పటికి భోజనాలయిపోయేవి. పొగ లేదు, మంట లేదు, ఊదే గొట్టం లేదు, ఉడుకుడుకు కూడు మాత్రం ఉంది! ఒకనాడు ఉలవచారు, ఒకనాడు గుమ్మడికాయ పులుసు, ఒకనాడు పప్పులో తోటకూర.

సూరమ్మ కడుపులో కుతకుతలాడిపోయేది. రోజూ పక్కనే నడుస్తోంది గదా, ఎలా వండుతున్నావే అని ఒక్క మాట అడగొచ్చు గదా? అడగదు. అడిగితే తనకి తెలీదని ఒప్పుకున్నట్టు. అందుకని లోపలే ఉడికింది, ఉడికింది, ఉడికి ఉడికి ఒకరోజు గవరయ్య ఎదురైతే బయటికి పొంగింది.

"అన్నా, నువ్వు అదృష్టవంతుడివి. నీ పెళ్ళాం పొద్దంతా నాతోపాటు చేలోనే ఉంటుంది, నీ కూడు మాత్రం ఇంట్లో ఉడుకుతుంది. ఆ వండేవాళ్ళెవరో కాస్త మా ఇంటికి కూడా పంపకూడదూ?" అంది.

అంతే. అనేసి వెళ్ళిపోయింది.

గవరయ్య అక్కడే నిలబడిపోయాడు. ఇంటికి తాళం ఉంది. మరి రెండో తాళంచెవి ఎవరికిచ్చింది? ఇంత బాగా వండేవాడు ఎవడు? పెళ్ళిళ్ళ వంటవాడు అప్పల్రాజా? వాడి మీసాలు బాగుంటాయి. గానుగాడే సోమన్నా? వాడి పాట బాగుంటుంది. పోనీ మనిషి కాక దయ్యమేమో? దయ్యమైనా మగదయ్యమేనని వాడి అనుమానం! 

ఊ ఏదే హారికా? ఆఁ, అదీ.

ఆ రోజు తింటూ తింటూ అడిగాడు, ఈ చారు నువ్వే కాచావా అని. నాంచారి నవ్వి, లేకపోతే మీ తాతొచ్చి కాచాడా అంది. ఆ నవ్వు చూసి, ఇంకేం సాక్ష్యం కావాలి అనుకున్నాడు. ఇంకో గిన్నెడు పోయించుకుని మరీ అనుకున్నాడు.

మర్నాడు మలారం వేసుకుని వీధివైపు పోయినట్టు పోయాడు. నాంచారి తాళం వేసి కోతకి వెళ్ళిందో లేదో, దొడ్డిదారిన తిరిగొచ్చాడు. పెరటి తలుపు గడియ ముందే తీసి ఉంచాడు లెండి. లోపలికొచ్చి, మలారంతో సహా వంటింటి అటకెక్కి ఎండుమిరపకాయల బస్తా పక్కన నక్కాడు.

చూశాడు, చూశాడు. ఎవరూ రారు. కానీ మూలనున్న గంప కిందనుంచి సన్నగా వాసన వస్తోంది. దిగొచ్చి గంప ఎత్తాడు. కింద ఒక గుంట, గుంటలో బూడిద, బూడిదలో కుండ. ఆ కుండ మూతి చుట్టూ తడిపిండి మెత్తి ఉంది. అది పీకి మూత తీశాడు. వేణ్ణీళ్ళలో ఉలవలు, ఇంకా పచ్చివి. ఓహో, ఆ వండేవాడు పొద్దున్నే పడేసి పోయాడన్నమాట, మళ్ళీ వస్తాడన్నమాట అనుకున్నాడు. మూత పెట్టాడు, అటకెక్కాడు.

కాసేపు కాగానే, తను రెప్ప వాల్చినప్పుడు వాడొచ్చి పోయాడేమోనని అనుమానం. అటక దిగాడు, మూత తీశాడు, తొంగి చూశాడు, మూత పెట్టాడు, అటకెక్కాడు. మళ్ళీ అనుమానం. అటక దిగాడు, మూత తీశాడు, తొంగి చూశాడు, మూత పెట్టాడు, అటకెక్కాడు. ఆకలి వేస్తోంది, చెమట పడుతోంది, మిరప ఘాటుకి ముక్కు మండుతోంది. పొద్దంతా ఇదే పని!

దాలి అంటే మీకు తెలీదు గదూ. మా రోజుల్లో ప్రతి ఇంట్లో ఉండేది. గుంటలో పిడకలు పేర్చి, నిప్పంటించి, రాజుకున్నాక పైన కాస్త ఊక చల్లి బూడిద కప్పేస్తే పొద్దంతా సన్నసెగ ఉంటుంది. అందరూ దాంట్లో పాలే కాచేవాళ్ళు. నాంచారికి గేదె లేదు, అందుకని రాత్రి నానబెట్టిన ఉలవలు కుండలో పోసి, దానికి మూతగా చిన్న కుండలో జొన్ననూక పెట్టి, గవరయ్య కాలవకి స్నానానికి పోయినప్పుడు దాల్లో దించేసేది. మీ అమ్మ ఆఫీసుకెళ్ళేముందు ఆ కరెంటు కుండలో అన్నీ పడేసి మీట నొక్కి పోతుంది చూడండి, అలాగన్నమాట. అయితే ఊరికూరికే మూత తియ్యకూడదు. తీసినప్పుడల్లా లోపలి సెగ పోయి, ఉడుకు మళ్ళీ మొదటికొస్తుంది.

సాయంత్రం నాంచారి వచ్చింది. మూత తీసి చూస్తే ఉలవలు గులకరాళ్ళలా ఉన్నాయి. పిండి పీకేసి ఉంది. ఇంట్లో ఎవరో దూరారనుకుంది పాపం. గోడవారనున్న రోకలి అందుకుంది. సరిగ్గా అప్పుడే అటక మీద గవరయ్యకి తుమ్మొచ్చింది.

"దొంగ! దొంగ!"

"నేనేనే! నేనేనే!" అంటూ కంగారులో కాలు జారి, మలారంతో సహా దబ్బున కింద పడ్డాడు. ఎర్రగాజులు, పచ్చగాజులు, నీలంగాజులు, అన్నీ వంటిల్లంతా ముక్కలు!

నవ్వకండర్రా. నాంచారికి నవ్వు రాలేదు. అటక మీద ఏం చేస్తున్నావు మావా అని అడిగింది. వాడు గంప వంక చూశాడు, పెరటి తలుపు వంక చూశాడు. దాంతో ఆ పిల్లకి అంతా అర్థమైపోయింది.

"నా చేతి కూడు తింటూ నామీదే కాపలా కాశావా?" అంది.

అరవలేదు, ఏడవలేదు. పెట్టెలోంచి రెండు చీరలు తీసి మూట కట్టుకుంది. అమ్మ దగ్గరికి పోతున్నానంది. అప్పుడు గవరయ్యకి నిజంగా భయమేసింది. గుమ్మానికి అడ్డంగా కూలబడిపోయాడు.

"మా అమ్మ పోయాక ఇంటికొస్తే వేడికూడు పెట్టినవాళ్ళు లేరే. నువ్వొచ్చాకే తింటున్నా. దాన్ని ఎవరో తన్నుకుపోతారేమోనని భయం. భయమని చెప్పుకోలేక నీమీద అనుమానం పెట్టుకున్నాను. తప్పే నాంచారీ."

ఆ పిల్ల మూట కింద పెట్టింది గాని విప్పలేదు. రేపు దాలి నువ్వే రాజెయ్యాలి, కుండ నువ్వే ఎక్కించాలి, పొద్దంతా దాని ముందే కూర్చోవాలి, మూత మీద చెయ్యి పడిందో ఈ మూట నా భుజాన పడుతుంది అంది.

మర్నాడు గవరయ్య ఆవిడ చెప్పినట్టే చేశాడు. పిడకలు పేర్చాడు, పొగకి దగ్గాడు, ఉలవలు పోశాడు, పైన నూక కుండ పెట్టాడు, పిండి మెత్తాడు. ఆవిడ కోతకి పోయింది. వాడు కూర్చున్నాడు. చెయ్యి దురద పెడుతోంది, మూత తీద్దామా? వద్దు. వాసన మారుతోంది, ఒక్కసారి? వద్దు. రెండు చేతులూ తొడల కింద పెట్టుక్కూర్చున్నాడు మహానుభావుడు. ఎవరూ రాలేదు. ఏ మీసాలూ రాలేదు, ఏ దయ్యమూ రాలేదు. కుండ ఒక్కటే లోపల్లోపల గుసగుసలాడుతూ ఉడికింది.

సాయంత్రం నాంచారితో పాటు సూరమ్మా వచ్చింది. ముందురోజు గాజులు పగిలిన చప్పుడు విని మొదట సంతోషించింది గాని, తర్వాత ముద్ద దిగలేదట. బూడిద మొహంతో కూర్చున్న గవరయ్యని చూసి, వండేదెవరు అన్నా అంది నెమ్మదిగా.

"ఇవాళ నేను. రోజూ నా పెళ్ళాం. ఇంకెవరూ లేరు సూరమ్మా, పొద్దంతా చూశాను" అన్నాడు గవరయ్య తల వంచుకుని.

"నన్నడిగితే చెప్పేదాన్ని గదా వదినా," అంది నాంచారి.

సూరమ్మ గడప మీద కూర్చుని భోరుమంది. నువ్వు సుఖంగా కాళ్ళు జాపుక్కూర్చుంటే చూడలేకపోయానే అంది. నాంచారి పిండి ఊడదీసి మూత తీసింది. అబ్బ, ఏం వాసన! ఉలవలు నలిపి తేట వంచి, చింతపండు పులుసు అప్పుడు పోసింది. ముందే పోస్తే గింజ బిగుసుకుంటుంది మరి. ఉప్పు, కారం, ఉల్లిపాయ వేసి చిక్కబడనిచ్చి, మొదటి గరిటె సూరమ్మ గిన్నెలోనే పోసింది.

గవరయ్య కళ్ళు ఆ గరిటెతోపాటే వెళ్ళాయి. వండింది తను, చేతులు తొడల కింద పెట్టుకున్నది తను, మొదటి గరిటె సూరమ్మకా? ఇంతలో సూరమ్మ మొగుడు గోడ అవతల్నించి, ఇంకాస్త ఉందా అని గిన్నె చాపాడు. రెండో గరిటె ఆయనకి. గవరయ్య కుండ దగ్గరికి జరిగాడు. ఇంకాస్త జరిగాడు. కుండ రెండు చేతులా పట్టుకుని, "నాకుంచారా లేదా?" అన్నాడు.

అప్పుడు నవ్వింది నాంచారి. నవ్వుతూనే మూలనున్న మూట కాలితో పెట్టె కిందకి తోసేసి, వాడికి సంకటి ముద్ద పెట్టి, గుంట చేసి, అది నిండేదాకా పోసింది.

తర్వాత ఆ వీధంతా దాల్లోనే వంటలు. ఆడవాళ్ళందరూ కోతనుంచి వచ్చి కాళ్ళు జాపుకునేవాళ్ళే. చూశారా మరి, ఎదుటివాళ్ళకి బాగుంటే వెళ్ళి అడగాలి, మనసులో అనుమానం ఉంటే నోరు తెరిచి చెప్పాలి. అంతేగాని అటకలెక్కకూడదు.

ఇంక కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి. సాకేతూ, కాలు తియ్యి.