నలుగురూ తప్పుపట్టిన ఆనకట్ట

అనగా అనగా, నదులకు ముక్కుమీద కోపం ఉన్న కాలంలో, ఘోషవతి ఒడ్డున గండభూపాలుడనే రాజు ఏలుతుండేవాడు.

ఆ నదికి రాజు ఒక ఆనకట్ట కట్టించాడు. తొలి వానాకాలమే అది తెగింది. మరింత లావుగా కట్టించాడు. అదీ తెగింది. ఆసారి దిగువనున్న రేవుపల్లె కొట్టుకుపోయింది. పిల్లల్ని వెతుక్కుంటూ తల్లులు ఇసుకలో తిరిగారు.

"ఇంకా లావుగా కట్టండి!" అన్నాడు రాజు.

ఆస్థాన స్థపతి కామసాని తల అడ్డంగా ఊపింది. కట్టడాల విద్యలో ఆమెను మించినవారు ఆ దేశంలో లేరు.

"ప్రభూ, గోడ పలుచనై తెగలేదు. నేను గీసిన దాని పటం కోట దాటలేదు, అందుకే తెగింది. నా కంటికి ఆనని తప్పు ఇంకొకరికి కనబడవచ్చు. పటం అందరికీ చూపిస్తాను."

"వీల్లేదు!" అన్నాడు మంత్రి బొల్లన. "అది రాజ్యరహస్యం. పరాయివాళ్ల కంటపడితే ఇంకేమన్నా ఉందా?"

 మర్నాడే కామసాని సంతబయలులో మట్టితో, రాళ్లతో చిన్న ఆనకట్ట కట్టింది. దాని మీదికి నిజం నీళ్లే వదిలింది.

"రండి, తప్పు పట్టండి!" అని దండోరా వేయించింది.

జనం మొదట నవ్వారు. తర్వాత వంగి చూశారు.

ఆవలి ఒడ్డు శత్రురాజ్యానిది. అక్కడినుంచి సంతకొచ్చిన పడవవాడు పోలయ్య, "అమ్మా, వరదలో చెట్లు వేళ్లతో సహా కొట్టుకొస్తాయి. నీ తూములకు అడ్డం పడతాయి," అన్నాడు.

కామసాని తూముల ముందు గుంజలు పాతింది. చెత్తంతా గుంజలకు పట్టి నీళ్లు పొంగిపోయాయి.

బుట్టలల్లే ఎర్రక్క, "గుంజల వరస ఏటవాలుగా పెట్టు తల్లీ, దుంగలు పక్కకు జారతాయి," అంది. జారాయి. జారి, పోయి ఒడ్డును కోసేశాయి.

"చూశావా నీ తెలివి!" అన్నాడు పోలయ్య.

"నీ గుంజలకంటే నయమే!" అంది ఎర్రక్క.

కామసాని ఇద్దరినీ చెరోపక్క కూచోబెట్టుకుని, ఒడ్డుకు రాతికట్టు వేసి మళ్లీ నీళ్లు వదిలింది. ఈసారి నిలిచింది.

సంగతి మంత్రి చెవిన పడింది. భటులొచ్చి ఆ నమూనాను తొక్కేశారు. జనం మళ్లీ కట్టారు. మంత్రి ఏనుగును తోలించాడు. జనం మళ్లీ కట్టారు. అప్పుడు కామసాని చెయ్యయినా పెట్టలేదు. తూములు ఒకరికి గుర్తు, గుంజలు ఇంకొకరికి గుర్తు.

మూడోసారి రాజే వచ్చాడు.

"శత్రువు చేతికి గుట్టు ఇచ్చావు. నీ తల తీయిస్తాను!"

కామసాని తల వంచలేదు. "తీయించండి ప్రభూ. కాని ఆనకట్ట ఇప్పుడు నా ఒక్కదాని తలలో లేదు. ఎన్ని తలలు తీయిస్తారు?"

పోలయ్య ముందుకొచ్చాడు. "నేను శత్రువునే దొరా. కాని మీ కట్ట తెగితే నది నడుమ మా లంకలూ మునుగుతాయి. నది సరిహద్దు అడిగి పొంగదు కదా."

రాజు నమూనాను తొక్కడానికి కాలెత్తాడు. ఒక్కరూ వెనక్కి జరగలేదు.

"తొక్కండి," అంది ఎర్రక్క. "మళ్లీ కడతాం. తొక్కేముందు మీరూ ఒక తప్పు పట్టండి."

రాజు కిందికి చూశాడు. గుంజలను తాకి పుల్లలు పక్కకు జారిపోతున్నాయి. తూముల్లోంచి నీళ్లు వంపులు తిరిగి పారుతున్నాయి. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అంతా బాగుంది. ఇదీ తెగితే? దిగువ ఊళ్లకు చెప్పేదెవరు?"

 ఆ ఆలోచన ఎవరికీ తట్టలేదు, కామసానికి కూడా.

"బొల్లనా, రెండొడ్లనా నగారాలు పెట్టించు," అన్నాడు రాజు.

"ఆవలి ఒడ్డునా, ప్రభూ?"

"ఆవలి ఒడ్డున కూడా!"

ఆనకట్ట లేచింది. వానాకాలం వచ్చింది. ఘోషవతి చెట్లూ చేమలూ మోసుకొచ్చి మీదపడింది. ఒకచోట కట్టలోంచి నీరు ఊరసాగింది. నగారాలు మోగాయి. రెండొడ్ల జనమూ తట్టల్లో మట్టితో పరుగెత్తుకొచ్చి ఆ చోటు పూడ్చారు. మళ్లీ లేచిన రేవుపల్లెలో ఒక్క గుడిసె కూడా కూలలేదు.

గోడ ఎంత లావైనా గుట్టుగా కడితే తెగుతుంది; తప్పుపట్టమని నలుగురినీ పిలిచి కట్టినదే వరదకు నిలుస్తుంది.