అచ్చయ్యేదాకా ఆగిన మాట

ఒక పెద్దాసుపత్రిలో శశిభూషణ్ అనే కాలేయం డాక్టరు ఉండేవాడు. హస్తవాసి మంచిదే, కానీ తాను కనిపెట్టిన సంగతి తన పేరుతో అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఆ రోజుల్లో కాలేయం జబ్బుల మీద వ్యాసాలు రాయడం డాక్టర్లకు పందెంలా తయారైంది. ఎవరిది ముందు అచ్చయితే వాళ్ళదే పేరు.

అప్పుడే శశిభూషణ్ దగ్గరికి కళ్ళు పచ్చబడినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాసాగారు. అందరూ ఒళ్ళు తగ్గాలని బజార్లో కొత్తగా వచ్చిన ఒక పొడి తాగినవాళ్ళే. పరీక్షలు చేయించాడు. కాలేయాన్ని తినేస్తున్నది ఆ పొడేనని తేలిపోయింది. వచ్చినవాళ్ళచేత మాన్పించాడు. బయట మాత్రం నోరు మెదపలేదు. వ్యాసం రాసి పంపి, అది అచ్చులో రావడం కోసం చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రి క్యాంటీన్ నడిపే అప్పలనరసమ్మ ఒకరోజు ఇడ్లీ ప్లేటుతో పాటు ఆ పొడి డబ్బా కూడా తెచ్చి అతని ముందు పెట్టింది.

"డాక్టరు బాబూ, నా మోకాళ్ళు నన్ను మోయలేమంటున్నాయి. ఇది తాగితే ఒళ్ళు తగ్గుతుందంట. తాగమంటారా?"

పక్క బల్ల దగ్గర ఇంకో డాక్టరు టిఫిన్ చేస్తున్నాడు. అతనూ కాలేయం మీద రాసేవాడే. ఇప్పుడు నోరు విప్పితే సాయంత్రానికి ఆసుపత్రంతా పాకిపోతుంది, అనుకున్నాడు శశిభూషణ్.

"చూద్దాంలే అమ్మా. ఇంకా ఏదీ తేలలేదు," అన్నాడు.

"వద్దనలేదుగా, అంతే చాలు. చట్నీ ఇంకాస్త వెయ్యనా?" అంది ఆమె.

వేయించుకుని తిన్నాడు. ఆ ముద్ద గొంతు ఎలా దిగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

వ్యాసం అచ్చయ్యేనాటికి అప్పలనరసమ్మ అతని వార్డులోనే పడి ఉంది. బతికింది కానీ మనిషి సగమైపోయింది. పొయ్యి దగ్గర నిలబడే సత్తువ పోయింది. క్యాంటీన్ వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది.

ఆసుపత్రివాళ్ళు సభ పెట్టి శశిభూషణ్‌కి శాలువా కప్పారు. అప్పలనరసమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చి అతని ముందు నిలబడింది.

"బాబూ, ఆ పొడి తాగొద్దని మీ పుస్తకంలో రాశారంటగా?"

"రాశానమ్మా."

"నేనడిగిన రోజుకే మీకు తెలుసా?"

అతను తల దించుకున్నాడు. "తెలుసు," అన్నాడు.

"ఆ పుస్తకం నేను చదవలేను బాబూ. అందుకే నోటితో అడిగాను."

చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్ళోకి దిగిపోయాయి. తర్వాత అతని పేరు చాలా చోట్ల అచ్చయింది. ఆ ఊళ్ళో మాత్రం ఏది తాగొచ్చో ఏది తాగకూడదో అతన్ని అడిగినవాళ్ళు మళ్ళీ లేరు.

అచ్చు వేసేది తెలిసింది నలుగురికీ చెప్పడానికే అనుకుని, తల నెరిశాక అక్షరాలు దిద్దుకున్నాను ఈ కథ చెబుతున్న నేను. దాచడానికి కూడా అచ్చు వంక అవుతుందని అప్పుడు నాకు తెలియదు.

ప్రాణం నిలిపే మాట తెలిసి ఉండీ పేరు కోసం దాచినవాడు, చేత్తో విషం పెట్టినవాడితో సమానం.