సగం పంపకం వద్దన్న బుడుంగి

ఒకప్పుడు ఏనుగులూ లేవు, చీమలూ లేవు, కథ వినడానికి మీరూ లేరు. ఒక గోరువెచ్చని నీటిగుంటలో మాత్రం కణాలు కాపురముండేవి. కంటికి కనపడనంత చిన్నవి. నోళ్లు మాత్రం పెద్దవి.

ఒక్కో కణం కడుపులో కొన్ని పోగులుండేవి. ఎలా తినాలి, ఎలా ఈదాలి, ఎలా బతకాలి అన్నదంతా ఆ పోగులకే తెలుసు. కణం తిని తిని లావెక్కిందా, ఇక రెండుగా చీలాల్సిందే. అప్పుడు గుంటకు పెద్ద అయిన జిగురయ్య వచ్చి పోగులు పంచేవాడు. ఆయనకు న్యాయమంటే మహా పట్టింపు. "నీకు సగం, నీకు సగం. ఎవరికీ ఒక్కటి ఎక్కువ లేదు," అని మీసం దువ్వుకునేవాడు. కణానికి మీసమేమిటంటారా? ఆయనకు ఉండేది, అంతే.

ఆ న్యాయం చేసిన నిర్వాకం వినండి. బుడుంగి అనే కణానికి ఒక అక్క. ఆ అక్క చీలి ఇద్దరైంది. ఒకదానికి నోరు తెరవడం వచ్చు, మూయడం రాదు. రెండోదానికి మూయడం వచ్చు, తెరవడం రాదు. మొదటిది తిని తిని పగిలిపోయింది. రెండోది ఆకలితో మాడిపోయింది. బుడుంగి ఏడ్చిన ఏడుపుకి గుంటలో నీళ్లు పెరిగాయి.

ఇంతలో బుడుంగి వంతే వచ్చింది. ఒళ్లు బిగుసుకుపోయి ఊపిరాడటం లేదు. చీలితే పిల్లలు దక్కరు, చీలకపోతే తను దక్కదు.

"రావే అమ్మాయ్, పంచేస్తాను," అన్నాడు జిగురయ్య.

"మీ పంపకానికో దణ్ణం పెదనాన్నా. నా పిల్లలు సగం సగం బతుకులు బతకడానికి వీల్లేదు. ఇద్దరికీ అన్నీ కావాలి."

"ఉన్నవే అవి. ఇద్దరికీ అన్నీ ఎక్కణ్ణుంచి తెస్తావు?"

బుడుంగి తన కడుపులోకి కేకేసింది. "ఒరేయ్ పోగులూ, ఒక్కొక్కరూ అచ్చం మీలాంటివాణ్ణే ఇంకొకణ్ణి తయారుచెయ్యండి."

"మా వల్ల కాదు, నడుం నొప్పి," అన్నాయి పోగులు.

"సరే, నేను పగిలిపోతాను. అప్పుడు ఆ నడుం ఎక్కడ వాలుస్తారో నేనూ చూస్తాను."

పోగులు సణుక్కుంటూనే లేచాయి. ప్రతి పోగూ నిలువునా రెండు సగాలుగా విడిపోయి, ఒక్కో సగం తనకు లేని సగాన్ని మళ్లీ అల్లుకుంది. ఒక్కోటి రెండయింది. తప్పు పడినచోట విప్పి మళ్లీ అల్లాయి. ఆ తర్వాత జంటలన్నీ కడుపు నడుమ వరసకట్టి నిలబడ్డాయి.

జిగురయ్యకు చేతులూరుకోవుగా! ఒక జంటను మొత్తంగా ఒకే పక్కకి లాగబోయాడు. బుడుంగి ఆయన చెయ్యి తోసేసింది.

"జంటలో ఒకటి ఇటు, ఒకటి అటు. పెద్దవారు, నేను చెప్పాలా?"

బుడుంగి ఒంటి రెండు కొసల నుంచీ సన్నటి తాళ్లు పుట్టుకొచ్చి, జంటల్ని విడదీసి చెరో పక్కకీ లాగాయి. బుడుంగి నడుం సన్నబడింది, ఇంకా సన్నబడింది, టప్పున తెగి ఇద్దరయ్యారు. ఇద్దరూ నోరు తెరిచారు. జిగురయ్య బిక్కచచ్చి చూస్తున్నాడు. ఇద్దరూ నోరు మూశారు.

ముసలాయనకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. "ఇంతకీ మీలో మా బుడుంగి ఎవరే?"

"నేనే," అన్నారు ఇద్దరూ. "మరి నా పిల్లేది?" అని ఇద్దరూ వెతుక్కోవడం మొదలెట్టారు.

అప్పటినుంచే ఒంట్లో కణాలు రెండయ్యేముందు పోగులన్నిటికీ నకలు తీసుకుంటాయి. మీ మోకాలు దోక్కుపోయినప్పుడు కొత్త చర్మం వచ్చేదీ అలాగే. అక్కడ తల్లి ఎవరో, బిడ్డ ఎవరో మాత్రం ఈ రోజుకీ తేలలేదు.